నీళ్లు ముట్టకుండా

నోవహు ఇనుప గరిటెతో కుండలోని తెట్టును ఒక పక్కకు లాగి, కింద మెరుస్తున్న లోహంలోకి తొంగి చూశాడు. అతని కళ్లజోడు, బట్టతల, నెత్తిమీద తిరుగుతున్న పొగ లాగే ఫ్యాను అందులో వంకర్లు పోయి కనిపించాయి. సీసం, తగరం, బిస్మత్, కాడ్మియం కలిసిన ఈ లోహానికి పౌరుషం బొత్తిగా తక్కువ. నీళ్లు మరిగేంత వేడి కూడా అక్కర్లేదు, అంతకు ముందే కరిగి కూర్చుంటుంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు ఇనుము పోతపోసిన అతని తండ్రి దేవానందం చూసుంటే, ఇది లోహమా వెన్నా అని నవ్వేవాడు.

అయినా తండ్రి నేర్పిన పద్ధతే కొడుక్కి ఇక్కడా పనికొచ్చింది. పోసేటప్పుడు ధార తెగకూడదు. చల్లారేటప్పుడు తొందరపెట్టకూడదు. తొందరపెడితే లోపల గుల్ల పడుతుంది, పైకి మాత్రం పెళ్లికొడుకులా నిగనిగలాడుతూనే ఉంటుంది. నోవహు గరిటె తీసి గుడ్డతో తుడిచి మేకుకి తగిలించాడు.

సికింద్రాబాద్‌లోని ఆ ఆసుపత్రిలో క్యాన్సర్ వచ్చినవాళ్లకు రేడియేషన్ ఇచ్చే విభాగం కింది అంతస్తులో ఉంది. జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ విభాగం చివర, స్ట్రెచర్లు నిలబెట్టే వసారా దాటాక, 'మౌల్డ్ రూమ్' అని బోర్డున్న చిన్న గది నోవహుది. ఇరవై రెండేళ్లుగా అతను అందులో చేసే పని ఒక్క మాటలో చెప్పాలంటే నీడలు పోయడం. డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్ము మీద పసుపు పెన్సిలుతో గీత గీస్తారు, ఇక్కడ కిరణం పడాలి, ఇక్కడ పడకూడదు అని. నోవహు ఆ గీత వెంటే వేడి తీగతో థర్మోకోల్‌ను కోసి, ఆ ఖాళీలో లోహం పోస్తాడు. చల్లారాక నాలుగు వేళ్ల మందాన దిమ్మ వస్తుంది. దాన్ని పలక మీద బిగించి మెషీన్ ముందు పెడితే, దిమ్మ నీడ పడిన చోటు కిరణం తగలకుండా తప్పించుకుంటుంది. రోగి కరెంటు అయిపోయాక దిమ్మను మళ్లీ కుండలో వేసి కరిగించి ఇంకొకరికి పోస్తాడు. ఇరవై రెండేళ్లుగా తిరుగుతున్నది ఇంచుమించు అదే లోహం.

దిమ్మలు రకరకాల చోట్లకు పోసేవాడు. కళ్లకు, ఊపిరితిత్తులకు, వెన్నుపూసకు. అతని మనసు మాత్రం చెవి తమ్మె కింద, దవడ వెనక ఒదిగి ఉండే లాలాజల గ్రంథుల మీదే. ఉమ్మి గురించి ఇంత ఆలోచించే మనిషి జంట నగరాల్లో ఇంకొకడు ఉండడని భార్య మేబెల్ ఎగతాళి చేసేది. నిజమే. బస్సులో కండక్టరు వేలు తడిచేసుకుని టికెట్ చించుతుంటే నోవహు చూస్తాడు. దర్జీ దారం కొసను నోట్లో పెట్టుకుని సూదిలోకి ఎక్కిస్తుంటే ఆగి చూస్తాడు. చర్చిలో అయ్యగారు గంటసేపు ప్రసంగం చేస్తే, విషయం ఎటు పోయినా సరే, ఆ మనిషి నోరు ఎన్నిసార్లు ఆరింది, ఎన్నిసార్లు గుటక వేశాడు అన్నది పట్టుకుంటాడు. రోజుకు లీటరుకు పైగా ఊరుతుందని డాక్టర్ సుమిత్ర ఒకసారి చెబితే, ఇంటికెళ్లి లీటరు సీసాలో నీళ్లు నింపి బల్లమీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంత సొత్తు నోట్లో పెట్టుకుని మనిషి దాని ఊసే ఎత్తడేమిటా అని అతని ఆశ్చర్యం.

ఊసెత్తని మనిషిని అతను దగ్గర్నుంచి చూశాడు. దేవానందానికి గొంతులో గడ్డ వచ్చినప్పుడు, ఎక్కడో పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టారు. గ్రంథులకు అడ్డం పెట్టాలన్న ఆలోచన అప్పట్లో అక్కడ ఎవరికీ లేదు. గడ్డ కరిగింది, దాంతోపాటే నోట్లో తడీ ఆరిపోయింది. ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. మజ్జిగ ఓడేలా పోసుకుంటే గానీ ముద్ద దిగేది కాదు. పళ్లు ఒక్కొక్కటే పుచ్చి ఊడిపోయాయి. ఇనుము మరిగే చోట నిలబడి గర్జించినట్టు మాట్లాడిన మనిషి, నాలుక అంగిలికి అంటుకుపోయి రెండు మాటలకొకసారి ఆగేవాడు. అదేమంటే, ఏం లేదురా అనేవాడు.

నెలకొకసారి చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టెను, ద్రాక్షారసాన్ని క్రీస్తు శరీరంగా, రక్తంగా పుచ్చుకునే ఆరాధన. బలిపీఠం ముందున్న కమ్మీ దగ్గర వరసగా మోకరిస్తే అయ్యగారు ఒక్కొక్కరి చేతిలో కాగితమంత పల్చని రొట్టె బిళ్ల పెట్టుకుంటూ పోతారు. ద్రాక్షారసం గిన్నె ఆ చివర్నుంచి తిరిగి రావాలి. ఆ లోపల దేవానందం నోట్లో బిళ్ల అంగిలికి అతుక్కుపోయేది. ఒక ఆదివారం దగ్గు ఆగక, గబుక్కున చేతిరుమాల్లోకి తీసేసి జేబులో పెట్టుకున్నాడు. పక్కన మోకరించిన రోసమ్మ చూసింది. ఆరాధన అయ్యేసరికి, దేవానందం ప్రభువు శరీరాన్ని జేబులో వేసుకుపోయాడని మెట్ల మీద మాట పాకింది. నా నోట్లో తడి లేదమ్మా అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడూ కమ్మీ దగ్గరకు పోలేదు, చనిపోయేదాకా ఆఖరి బెంచీలోనే కూర్చున్నాడు. ఆ బెంచీలో తండ్రి పక్కన కూర్చున్న ప్రతిసారీ నోవహుకు ఏడుపొచ్చేది.

అందుకేనేమో, ఈ గదిలో అతను ఎవరూ చెప్పని ఆచారం ఒకటి పెట్టుకున్నాడు. గొంతుకు, నోటికి కరెంటు పెట్టించుకున్నవాళ్ల దిమ్మల్ని వెంటనే కరిగించడు. సుద్దతో పేరు రాసి కిటికీ పక్క అరలో పెడతాడు. మూడో నెలా ఆరో నెలా చెకప్‌కు వచ్చినప్పుడు ఆ మనిషిని గదిలోకి పిలిచి, రేకు డబ్బాలోంచి ఒక ఉప్పు బిస్కట్ తీసి చేతిలో పెడతాడు. నీళ్లు ముట్టకుండా తినాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో దిమ్మ మీద పేరు పక్కన రాసుకుంటాడు. తినగలిగితే దిమ్మ పని అయినట్టే, కుండలోకి పోతుంది. దీనివల్ల లోహం చాలడం లేదని పైవాళ్లు గొణుగుతారు. గొణిగేవాళ్లకు కూడా ఒక్కొక్క బిస్కట్ పెడతాడు.

ఈ రోజుతో ఆ ఆచారం ముగుస్తుంది. కొత్త మెషీన్ వస్తోంది. దాని నోట్లోనే లోహపు రేకులు ఉంటాయట, అవే జరిగి ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారంలో కిరణానికి అడ్డం నిలబడతాయట. గ్రంథుల్ని ఇంకా బాగా కాపాడుతుందని డాక్టర్ సుమిత్ర చెప్పింది. ఎలా కాపాడుతుందో రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు, బొమ్మ కూడా గీయించుకున్నాడు. కోపం రాలేదు. కొంచెం దిగులు వేసింది, అంతే. సోమవారం నుంచి అతను పై అంతస్తులో, కరెంటు పెట్టేటప్పుడు రోగి తల కదలకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ మాస్కులు చేస్తాడు. సాయంత్రానికల్లా అరలో ఉన్న దిమ్మలన్నీ కరిగించి, కడ్డీలుగా పోసి స్టోరుకి అప్పగించాలి.

అరలో మిగిలినవి రెండే. సామ్యూల్ మాస్టారిది ఒకటి, అప్పలలక్ష్మిది ఒకటి. ఇద్దరికీ ఈ రోజే చెకప్.

మాస్టారు పదకొండింటికి వచ్చారు. రెజిమెంటల్ బజార్‌లో నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, బిస్కట్‌ను కూడా లెక్క చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశారు.

"తినండి సార్. నీళ్లు మాత్రం అడగొద్దు."

మాస్టారు కొరికారు. నోవహు గడియారం వంక, ఆయన గొంతు వంక మార్చి మార్చి చూశాడు. గుటక సగంలో ఆగింది, మళ్లీ కదిలింది. మూడో నిమిషంలో కళ్లలో నీళ్లు తిరిగాయి గాని నీళ్లు అడగలేదు. నాలుగున్నర నిమిషాలకు నోరు తెరిచి ఖాళీ నాలుక చూపించారు. నోవహుకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది. సుద్దతో నాలుగున్నర అని రాసి, ఆయన ముందే దిమ్మను కుండలోకి జారవిడిచాడు.

ఇక అప్పలలక్ష్మి. ఆమె కోసమే అతనికి రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆమెది విజయనగరం దగ్గర పల్లె. మొగుడు బుల్లబ్బాయికి ఆర్టీసీ డిపోలో మెకానిక్ పని, యాప్రాల్‌లో అద్దె ఇల్లు. అపార్టుమెంట్లలో వాళ్లకు సున్నుండలు, జంతికలు చేసిపెట్టేది. నాలుక మొదట్లో పుండని తేలింది. ఎనిమిది నెలల కిందట ఆమె ఫిల్ము ఈ బల్లమీదకు వచ్చినప్పుడు, పసుపు గీత చూసి నోవహు ఆగిపోయాడు. గ్రంథి కింది భాగం గీతకు బయటే ఉండిపోయింది. గీతను చిటికెన వేలి గోరంత జరిపితే సగానికి పైగా నీడలోకి వస్తుంది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు. ఫిల్ము పట్టుకుని డాక్టర్ సుమిత్ర గదికి పోయి, మేడమ్, ఇక్కడ గోరంత దింపచ్చా అని అడిగాడు. ఆవిడ స్కాను మళ్లీ తెప్పించుకుని చూసి, మర్నాడు గీతను చెరిపి కొత్తది గీసి, కింద సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మేబెల్ పళ్లెం పక్కన పెట్టేసింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? రేపు ఆ గోరంత చోటులోనే జబ్బు మిగిలిపోతే?"

ఆ మాట అతనిలో ముల్లులా ఉండిపోయింది. కాపాడిన చోట గ్రంథి ఒక్కటే బతుకుతుందా, జబ్బు కూడా బతికి కూర్చుంటుందా? కిరణానికి అడ్డం పెట్టినవాడికి ఈ ప్రశ్న తప్పదు. మూడో నెలలో ఆమె వచ్చినప్పుడు మెడ శుభ్రంగానే ఉందన్నారు. బిస్కట్ మాత్రం గెలవలేకపోయింది, మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగింది. గోడకేసి చూస్తున్న నోవహును చూసి ఆమే ఓదార్చింది.

"దీనికెందుకు బాబూ అంత ఇదైపోతారు. ఇంకో మూడు నెలలు పోనీండి. ఈ బిస్కత్తు ఏటి లెక్క? నానే సున్నుండలు చేసి అట్టుకొస్తాను. నీళ్లు ముట్టకుండా సున్నుండ తిన్నోల్లే తిన్నోల్లు. మీరు కూడా తినాలి, సూద్దాం."

సున్నుండ సంగతి నోవహుకు తెలుసు. మినప్పిండి అంగిలికి పట్టిందంటే మంచి నోరున్నవాడే చెంబు కోసం వెతుక్కుంటాడు. ఇంత మంచి పరీక్ష ఇన్నేళ్లూ తనకెందుకు తట్టలేదా అని అతను ఆ రోజంతా ఆలోచించాడు.

పన్నెండైంది. ఒంటిగంటైంది. నోవహు టిఫిన్ డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాడు. వసారా తుడుస్తున్న కమలాబాయి చీపురు ఆపి తొంగిచూసింది. ఆసుపత్రిలో నోవహు కంటే ముందు చేరింది ఆమె ఒక్కతే.

"ఏందీ నోవహు సారూ, పొద్దుగాల్నుంచి తలుపు దిక్కే చూస్తున్నవ్? గిట్ల పరేషానైతే ఎట్ల?"

"యాప్రాల్ ఆమె రావాలి."

"వస్తది తియ్యి. బస్సులు దొరకాలె గద. జెర అన్నం తిను ముందు."

అతను పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. అప్పలలక్ష్మి దిమ్మను అరలోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కిలో బరువుంటుంది. ఒక మూల గుండ్రంగా, ఒక అంచు లోపలికి వంగి, పటంలో ఏదో చిన్న జిల్లాలా ఉంది. ఆ వంగిన అంచులోనే అతను అడిగిన గోరంత ఉంది. బొటనవేలితో దాన్ని తడిమాడు. నునుపుగా ఉంది, లోపల గుల్ల లేదని అతనికి తెలుసు.

మూడింటికి తలుపు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా, గోళ్ల సందుల్లో వదలని గ్రీజు, చేతిలో చిన్న స్టీలు డబ్బా. నోవహు చూపు అతని వెనక్కి పోయింది. వెనక ఎవరూ లేరు.

"నోవహుగారంటే తవరేనా బాబూ? నాను బుల్లబ్బాయినండి. అప్పలలచ్చిమి పెనిమిటిని."

"ఆమె పైన ఉందా? డాక్టరమ్మ దగ్గరా?"

బుల్లబ్బాయి డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "లేదు బాబూ. మొన్న ఆదివారం పోనాది."

నోవహు స్టూలు ముందుకు జరిపాడు. ఒళ్లో ఉన్న దిమ్మను బల్లమీద పెట్టడానికి చోటు కనిపించనట్టు కాసేపు అలాగే పట్టుకున్నాడు. బుల్లబ్బాయి కూర్చుని, అడక్కుండానే చెప్పుకొచ్చాడు. నెల నుంచి దగ్గు. వానలకు వచ్చిందనుకున్నారు. శుక్రవారం ఊపిరి అందకపోతే ఇంటి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆదివారం తెల్లారేసరికి అయిపోయింది. ఇప్పుడే పైన డాక్టరమ్మకు కాగితాలు చూపించి వస్తున్నాడు.

నోవహు అడగాల్సింది ఒకటే ఉంది, దాన్ని అడగడానికి నోరు రాలేదు. మెడలో ఏమైనా ఉందా అన్నది ఆ ప్రశ్న. పెళ్లాం పోయినవాణ్ని అలా అడగడం ఎంత సిగ్గులేనితనమో అతనికి తెలుసు. తెలిసినా తెలుసుకోవాలని ఉంది. ఆ కోరికకు తనమీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే డాక్టర్ సుమిత్ర లోపలికి వచ్చింది. ఆవిడ ఈ గదికి రావడం అరుదు. చేతిలో స్కాను కవరు ఉంది. నోవహు లేచి నిలబడ్డాడు.

"మెడలో ఏమీ లేదు నోవహుగారూ," అందావిడ, అతని మొహం చూడగానే. "వాళ్లు తీసిన స్కాను చూశాను. మనం దిమ్మ అడ్డం పెట్టిన చోటు పూర్తిగా శుభ్రంగా ఉంది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి పోయింది. మొదట్లోనే పోయి ఉంటుంది, అప్పటికి కనబడలేదు." స్కాను కవరు బల్లమీద పెట్టి, "ఆ గీత గీసింది నేను. సంతకం నాది. మీరు దాన్ని మోయక్కర్లేదు," అంది.

ఆవిడ వెళ్లిపోయింది. నోవహుకు గుండె మీద బరువు దిగినట్టయింది. దిగినందుకు వెంటనే బాధ వేసింది. మనిషి లేదు, తన తప్పు లేదన్న తృప్తి ఎవరికి కావాలి?

"ఇది తవరికిమ్మన్నాది," అని బుల్లబ్బాయి స్టీలు డబ్బా బల్లమీద పెట్టాడు. "ఆ ముందు బుధవారం చేసినాది. ఇయాల్టికి ఆసుపత్రికి రావాల గదా, తవరికి మాటిచ్చినానని. దగ్గుతానే పిండి విసురుకున్నాది, నానొద్దన్నా ఇనలేదు."

నోవహు మెల్లగా అడిగాడు. "తను తిన్నదా?"

బుల్లబ్బాయి మొహంలో మొదటిసారి చిన్న వెలుగు కనిపించింది.

"తిన్నాది బాబూ. గోడ గడియారం ఎదురుగా పీటేసుకుని కూకుని మరీ తిన్నాది. నన్ను ముల్లు సూడమన్నాది. చెంబు నా ఎనకాల దాసీమన్నాది, సేతికి అందితే తాగేస్తానేమోనని. మూడు నిమిషాలండి. ఒక్క సుక్క నీళ్లు ముట్టలేదు. నోరు తెరిసి సూపించి, సెప్పు ఆ బాబుకి, ఊరతన్నాది అని సెప్పు, అన్నాది. నాను సెబుతాన్లే అన్నాను. నువ్వే సెప్పుకో అనాల్సింది."

అతను కళ్లు తుడుచుకోలేదు. డిపోలో డ్యూటీ ఉందని లేచాడు. డబ్బా తర్వాత పట్టుకెళ్తానని నోవహు అడగకుండానే చెప్పి, స్ట్రెచర్ల పక్కనుంచి మెట్లవైపు వెళ్లిపోయాడు.

నోవహు సుద్ద తీసుకుని అప్పలలక్ష్మి పేరు పక్కన మూడు అని రాశాడు. ఇరవై రెండేళ్లలో సున్నుండ పరీక్షకు రాసిన మొదటి అంకె, ఆఖరిదీ అదే. ఈ ఒక్క దిమ్మను ఉంచేసుకుంటే ఎవరడుగుతారు అనిపించింది. కానీ ఆచారం తను పెట్టుకున్నదే. జవాబు వస్తే దిమ్మ కుండలోకి పోవాలి, జవాబు వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని లోహంలోకి వదిలాడు. ముందు వంగిన అంచు మెత్తబడింది, తర్వాత గుండ్రటి మూల. సుద్ద రాత మాత్రం కరగలేదు. తెల్లటి పొడిగా పైకి తేలి, అటూ ఇటూ తిరిగి, తెట్టులో కలిసింది. గరిటెతో దాన్ని పక్కకు లాగి, ధార తెగకుండా కడ్డీలు పోశాడు. అయిదింటికి కుండ స్విచ్చి ఆపేశాడు.

చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి డబ్బా మూత తీశాడు. రెండు సున్నుండలు. ఒకటి తీసుకుని గోడ గడియారం వంక చూసి, సగం కొరికాడు. నేతి వాసన, బెల్లం తీపి. పిండి నాలుక మీద పరుచుకుని అంగిలికి పట్టుకుంది. నమిలాడు. నోట్లో తడి లేదు. యాభై ఐదేళ్లుగా లీటర్లకు లీటర్లు ఊరిన నోరు, దుఃఖం ఒక్కసారి ముంచుకొచ్చేసరికి ఎండిపోయింది. నాన్నా, ఇలాగా ఉండేది అనుకున్నాడు. చెయ్యెత్తితే అందేంత దూరంలో నీళ్ల సీసా ఉంది. ముట్టుకోలేదు. కళ్లమ్మట నీళ్లు కారుతుండగా నిదానంగా నమిలి, మిగతా సగం కూడా నోట్లో వేసుకుని మళ్లీ నమిలాడు.

"ఇంకా ఇంటికి పోలేదా సారూ?" కమలాబాయి తాళంచెవులతో తలుపు దగ్గరకు వచ్చి, అతని మొహం చూసి ఆగిపోయింది.

నోవహు ఒక వేలు ఎత్తి ఆగమన్నాడు. ఆఖరి గుటక దిగాక గడియారం చూశాడు. పదకొండు నిమిషాలు.

"యాప్రాల్ ఆమె గెలిచింది కమలాబాయ్," అన్నాడు. అని లైటు ఆపబోయి, బల్లమీద డబ్బా వంక చూసి ఆగాడు. మిగిలిన సున్నుండ అడుగున ఒక్కటే ఉంది. వేడి పిండిని పిడికిట్లో గట్టిగా అదిమి చుట్టినప్పుడు పడిన నాలుగు వేళ్ల గుర్తులు దాని మీద వరసగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి.